శివరాత్రికీ ఉగాదికీ నడుమ

తెల్లవారుజాము నాలుగూ నలభై. సెల్‌ఫోన్‌లో అలారం మోగడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. సరిగ్గా అప్పుడే మా పడకగది కిటికీ పక్కనున్న కానుగ చెట్టు మీద కోయిల మొదలుపెడుతుంది. ఒక్క కూత కూసి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. కూతకూ కూతకూ గొంతు పెంచుకుంటూ, ఇక చిరిగిపోతుందేమో అనిపించేదాకా వెళ్లి, ఠక్కున ఆగిపోతుంది. హమ్మయ్య అని దుప్పటి లాక్కుంటామో లేదో... మళ్లీ మొదటి నుంచి!

“కోయిల మీద పద్యాలు రాసినవాళ్లంతా పొద్దెక్కాక లేచేవాళ్లయి ఉంటారండీ” అంటుంది మా ఆవిడ, దిండుతో చెవులు మూసుకుని. మనం కోయిలమ్మ అని ముద్దుగా పిలుచుకుంటాం గానీ ఆ పాడేది మగపక్షి. ఆడపక్షికి ఆ సంగీతం లేదు, ‘కిక్ కిక్’ మని గట్టిగా అరిచి ఎగిరిపోతుంది. కాకులు గూళ్లు కట్టే రోజులు ఇంకా దూరంగా ఉండగానే ఈయనగారు గొంతు సవరించుకుంటాడు. సొంత ఇల్లు లేనివాడికి అద్దె ఇంటి వేట ముందే మొదలవ్వాలి కదా! హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఉంటున్నవాడిగా ఆ విషయంలో నాకు కోయిల మీద కొంచెం సానుభూతి ఉంది.

పంచాంగం ప్రకారం ఇది వసంతం కాదు. మాఘ, ఫాల్గుణ మాసాలు శిశిరం కిందికే వస్తాయి. చైత్రం వస్తేనే వసంతం. కానీ ఈ నగరంలో చైత్రం దాకా ఆగితే మిగిలేది ఎండాకాలమే. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. ఉగాది నాటికి పగలు ఫ్యాను కింద కూర్చున్నా చెమట పడుతుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న నెల రోజులే మా వసంతం. తెల్లవారి దుప్పటి కావాలి, మధ్యాహ్నం కూలర్‌కి గడ్డి మార్చాలా వద్దా అన్న చర్చ రావాలి, సాయంత్రం డాబా మీద గాలి తగలాలి. ఈ మూడూ ఒకే రోజులో దొరికే రోజులు ఏడాదిలో ఇవే.

మా ఇల్లు విద్యానగర్‌కీ నల్లకుంటకీ మధ్య ఒక గల్లీలో. పదహారు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఒకప్పుడు ఇక్కడ పెంకుటిల్లు ఉండేదట. ఆ ఇంటివాళ్లు నాటిన కానుగ చెట్టు, బిల్డర్ పుణ్యమా అని, గేటు పక్కన మిగిలిపోయింది. మేం పొద్దున లేచేసరికి ఆ చెట్టు కింద నేల కనిపించదు. పసుపుపచ్చ ఆకులు, ఎండిన కాయలు... ఆ మూల నుంచి ఈ మూల దాకా పరిచినట్టు ఉంటాయి. వాచ్‌మన్ భార్య ఐదున్నరకు ఊడ్చి కుప్ప చేస్తుంది. ఏడింటికి అక్కడ ఏమీ ఊడ్వనట్టే ఉంటుంది. ఎనిమిదింటికి రెండోసారి. ఆ ఊడ్చేటప్పుడు ఆమె పాలమూరు యాసలో చెట్టుతో ఏదో మాట్లాడుతుంటుంది. తిట్టో, దీవెనో మాకెవరికీ సరిగ్గా వినపడదు.

ఊళ్లో నాన్న పోయాక అమ్మను మా దగ్గరికి తెచ్చుకుని నాలుగేళ్లయింది. సూర్యాపేట దగ్గర పల్లెలో డెబ్భై ఏళ్లకు పైగా బతికిన మనిషి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో మొదటి ఆరు నెలలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బాల్కనీ గ్రిల్ పట్టుకుని కిందికి చూస్తూ నిలబడేది. ఓ రోజు తనంతట తనే లిఫ్ట్‌లో దిగి, వాచ్‌మన్ ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకుని కానుగ కింద కూర్చుంది. అప్పటి నుంచీ పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా ఆమె అక్కడే. కూరగాయల బండి, పాత పేపర్లవాడు, కొరియర్ కుర్రాడు అందరూ ఆమెకు చుట్టాలే ఇప్పుడు.

గులాబీ చెట్లు, అనాబ్ ద్రాక్ష

మా వైపు వాళ్లకున్న పెద్ద భాగ్యం ఉస్మానియా క్యాంపస్. కోయిల నిద్ర చెడగొట్టాక ఇంకేం చేస్తాం, బూట్లు వేసుకుని నడవడమే. ఆరు గంటలకు ఆర్ట్స్ కాలేజీ ముందుకు చేరితే, 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనం మీద తొలి ఎండ పడుతుంటుంది. ఎన్నిసార్లు చూసినా ఒక్క నిమిషం ఆగి చూడాలనిపిస్తుంది. లోపలి దారుల్లో రావిచెట్లు రాగి రంగులో చిగురు వేసి ఉంటాయి. వేపలు సగం బోడిగా, సగం పచ్చగా... దువ్వెన పెట్టకుండా బయటికొచ్చిన పిల్లల్లా ఉంటాయి. చెట్ల కింద రాతి బెంచీల మీద గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు అప్పటికే పుస్తకాలు తెరిచి కూర్చుని ఉంటారు. వాళ్ల పుస్తకాల మీద ఆకు రాలినా చూడరు. పేజీ తిప్పినప్పుడు అదే పోతుంది.

ఇక ఈ రోజుల్లో నగరమంతా మాట్లాడుకునేది గులాబీ రంగు పూల చెట్ల గురించి. ఒక్క ఆకైనా లేకుండా చెట్టంతా పూలే! టబెబుయా రోజియా దాని శాస్త్రీయ నామం. మన చెట్టు కాదు, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చి మన రోడ్ల పక్కన స్థిరపడింది. ఫిబ్రవరి, మార్చిల్లో దాని కింద ఫొటోలు దిగనివాళ్లు లేరు. అదే సమయంలో ఊరి బయటికి వెళ్తే మోదుగ ఎర్రగా పూసి ఉంటుంది. మా చిన్నప్పుడు ఆ పూలు ఉడకబెట్టి హోలీకి రంగు చేసేవాళ్లం. ఆ నారింజ రంగు బట్టలకు పట్టిందంటే రెండు మూడు ఉతుకుల దాకా వదిలేది కాదు. నగరంలో మోదుగ చెట్టు కింద ఫొటో దిగుతున్నవాళ్లను నేనింతవరకూ చూడలేదు. చెట్టు కూడా ఖాళీ స్థలం ఉంటేనే కదా కనబడేది!

పూలను పైనుంచి చూడాలనుకుంటే మెట్రో ఎక్కాలి. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వెళ్లే లైను 2020 ఫిబ్రవరిలో మొదలైంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఎక్కితే చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా సుల్తాన్‌బజార్ దాకా నిమిషాల పని. కింద రోడ్డు మీద ఉన్నప్పుడు ఈ దారిలో చెట్లు ఉన్నాయనే సంగతి ఎప్పుడూ గుర్తించలేదు. పైనుంచి చూస్తే మేడల మధ్య పెరళ్లలో మామిడి పూత, కొబ్బరి మట్టలు, ఏ పాత ఇంటి వెనకో ఒక మునగ చెట్టు. కింద మాత్రం ఎప్పటిలాగే హారన్లు. ఫాల్గుణంలో ముహూర్తాలు ఉన్నాయంటే సాయంత్రాల్లో బరాత్‌లు తోడవుతాయి. పెళ్లికొడుకు గుర్రం మీద, బ్యాండు వాళ్లు రోడ్డు మీద, మనం వాటి వెనక ఆటోలో! వాటితో పాటే ఇంటర్ పరీక్షలు. హాల్‌టికెట్ నోట్లో కరుచుకుని తండ్రి బండి వెనక కూర్చున్న పిల్లను చూస్తే, ముందున్న కారువాడు దారివ్వకపోతే మనకే కోపం వస్తుంది.

సుల్తాన్‌బజార్‌లో దిగి కోఠి వైపు నడిస్తే తోపుడు బళ్ల మీద ద్రాక్ష. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా గింజలేని సన్నరకాలు. నేను డిగ్రీ చదువుకోవడానికి ఈ నగరానికి వచ్చినప్పుడు ద్రాక్ష అంటే అనాబ్-ఎ-షాహీ. పెద్ద పెద్ద పండ్లు, లోపల గింజ, నోట్లో వేసుకుంటే బుగ్గ నిండిపోయేది. నగరం శివార్లలోనే తోటలుండేవి. ఆ తోటలున్న చోట చాలావరకు కాలనీలు వచ్చేశాయి. ఇప్పుడు ఆ రకం కావాలని అడిగితే కొందరు బండివాళ్లు నా వయసెంతో అంచనా వేస్తున్నట్టు చూస్తారు.

మరో విశేషం చెప్పాలి. రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ దాదాపు ముప్పై మూడేళ్లకు మళ్లీ అదే రుతువుకు వస్తుంది. 1992లో మార్చి మొదటి వారంలో మొదలైంది. హాస్టల్ స్నేహితుడొకడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి నాకు మొదటిసారి హలీమ్ తినిపించింది ఆ నెలలోనే. చల్లటి సాయంత్రం, వేడి హలీమ్, పైన వేయించిన ఉల్లిపాయలు. తర్వాత ఎండాకాలంలో, వానల్లో, చలిలో ఎన్నిసార్లు తిన్నా ఆ రుచి వేరనిపించేది. హైదరాబాదీ హలీమ్‌కి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2025లో రంజాన్ తిరిగి మార్చి 2న మొదలైనప్పుడు మా అబ్బాయిని తీసుకుని పాతబస్తీకి వెళ్లాను. రుతువు అదే, రుచీ దాదాపు అదే. కాకపోతే తిన్నది అరిగించుకోవడానికి ఈసారి మాత్రం నేను చార్మినార్ నుంచి మదీనా దాకా నడవాల్సి వచ్చింది. వాడు నడవలేదు, వాడికి పద్దెనిమిదేళ్లు!

దోమలు, నల్లా నీళ్లు

అంతా తీపి రాస్తే మా గల్లీవాళ్లు నవ్వుతారు. చలి తగ్గి, ఎండ ముదరకముందు వచ్చే ఈ రోజులంటే దోమలకు కూడా పండగే. మురికినీళ్లు కదలకుండా నిలిచిన చోటల్లా, గుర్రపుడెక్క పెరిగిన చెరువుల్లోంచీ సాయంత్రం ఆరింటికల్లా దండు బయల్దేరుతుంది. ఆ వేళకు తలుపులు మూయని ఇంటికి ఇక రాత్రంతా జాగారమే. శివరాత్రి ఒక్కరోజే ఎందుకన్నట్టు! ప్రతి ఇంట్లో దోమల బ్యాట్ చటుక్కు చటుక్కుమంటూ ఉంటుంది. మా నాలుగో అంతస్తులో ఉండే రిటైర్డ్ మాస్టారు రాత్రి వార్తలు చూస్తూ, బ్యాట్ ఊపుతూ, ఎన్ని పడ్డాయో లెక్క చెబుతారు.

విచిత్రం ఏమిటంటే, దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం తేలింది ఈ జంటనగరాల్లోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపు కింద కనిపెట్టాడు. ఆ పరిశోధనకే 1902లో నోబెల్ వచ్చింది. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి పెట్టింది ఆయన పేరే. మా గల్లీలో ఈ రోజుల్లో కుట్టేవి ఎక్కువగా మలేరియా దోమలు కావు, మురికినీటి క్యూలెక్స్ దోమలు. కుట్టినప్పుడు ఆ తేడా పెద్దగా ఓదార్పు ఇవ్వదనుకోండి! వారానికోసారి పొగ యంత్రం వస్తుంది. పొగ వెనక పిల్లలు కేరింతలు కొడుతూ పరిగెత్తుతారు, తల్లులు వాళ్ల వెనక పరిగెత్తుతారు. పొగ పోయాక దోమలు తిరిగి వస్తాయి.

నీళ్ల సంగతి మరోటి. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. దాంతో బోరు మీద భారం. మార్చి మధ్యకు వచ్చేసరికి బోరు మోటారు చప్పుడు మారుతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఆ చప్పుడు తెలుసు... నీళ్లతో పాటు గాలి కూడా లాగుతున్నప్పుడు వచ్చే గురగుర. ఆ చప్పుడు విన్న రోజే మా సెక్రటరీగారు వాట్సాప్ గ్రూపులో ట్యాంకర్ల డబ్బుల గురించి మెసేజ్ పెడతారు. ఇవి చాలవన్నట్టు ఆర్థిక సంవత్సరం ముగింపు. అప్పటిదాకా గుర్తురాని రోడ్లన్నీ మార్చిలోనే తవ్వుతారు. మా గల్లీ మొదట్లో తవ్విన గోతిని ఎవరు తవ్వారని అడిగితే ఎవరికీ తెలియదు. ఎవరు పూడుస్తారని అడిగితే అసలే తెలియదు. కూరగాయల బండివాడు దానిలో ఎండుకొమ్మ గుచ్చి, పైన ఎర్రగుడ్డ కట్టాడు.

ఆ కొమ్మ ఎక్కడిదో చెబుతాను.

పోయినేడు హోలీ అయిన ఆదివారం సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు. అజెండాలో మొదటిది ట్యాంకర్లు, రెండోది లిఫ్ట్, మూడోది కానుగ చెట్టు. మొదటి రెండూ పావుగంటలో అయిపోయాయి. చెట్టు దగ్గర గంటన్నర పట్టింది. ఆకులు వాననీటి గొట్టంలో పడి మూసుకుపోతున్నాయని ఒకరు. సంపు మూత సందుల్లోంచి లోపలికి పోతున్నాయని ఇంకొకరు. రెండో అంతస్తులో కొత్తగా కారు కొన్న అబ్బాయి తన ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. తెల్లటి కారు పైన పక్షుల రెట్టలు. పాపం, అతని బాధా అబద్ధం కాదు, ఇంకా నలభై కిస్తీలున్నాయి. కోయిల వల్ల పరీక్షలకు చదివే పిల్లలకు నిద్ర లేదని మరొకరు. చెట్టు తీసేసి అక్కడ సిమెంటు చేస్తే రెండు బళ్లకు చోటొస్తుందని సెక్రటరీగారు లెక్క చెప్పారు.

మాస్టారు లేచి, చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని, 2002లో వచ్చిన ‘వాల్టా’ చట్టం అదే చెబుతోందని గుర్తుచేశారు. ఆ చట్టం పేరులోనే నీరు, నేల, చెట్టు ఉన్నాయి కదా, బోరు గురగురమంటున్న రోజుల్లో ఉన్న కాస్త మట్టినీ సిమెంటుతో మూస్తే వాన నీళ్లు ఎక్కడ ఇంకుతాయని అడిగారు. “అయితే అనుమతికి అప్లై చేద్దాం సార్” అన్నారు సెక్రటరీగారు. చేతులెత్తమన్నారు. తీసేయాలని తొమ్మిది చేతులు, వద్దని ఐదు. నిజం చెబుతున్నాను, కారు అబ్బాయి నా వైపే చూస్తుంటే నా చెయ్యి సగం దాకానే లేచింది. దాన్ని ఎవరు ఏ లెక్కలో వేసుకున్నారో తెలియదు.

అమ్మ అప్పటికి తన కుర్చీలోనే ఉంది. మీటింగ్‌కి రాలేదు, మీటింగే ఆమెకు పది అడుగుల దూరంలో జరిగింది. కుర్చీ చేతుల మీద బరువు ఆనించి మెల్లగా లేచింది.

“ఆకు రాలితే ఊడ్సుకోవాలె గని, చెట్టునే ఊడుస్తరా బిడ్డా?” అంది సెక్రటరీగారితో. “పదిహేను రోజులాగు. రాలుడు ఆగుతది. కొత్తాకొస్తది. అప్పుడు నీ కారు ఈడ్నే నీడకు పెట్టుకుంటవు సూడు.” చివరి మాట ఆ కుర్రాడితో.

వాచ్‌మన్ భార్య చీపురు పట్టుకుని నిలబడి వింటోంది. అందరికంటే ఎక్కువ మాట్లాడే హక్కు ఆమెకే ఉందని నాకు అప్పుడు తట్టింది. అడిగాను. “రోజుకు రెండుసార్లు ఊడ్సెటిది నేనే గద సార్. నేనేమన్న అన్ననా?” అంది. కొందరు నవ్వారు. కారు అబ్బాయి కూడా. చెట్టు ఉంచి, బళ్ల మీదికి వచ్చిన కొమ్మలు మాత్రం కొట్టిద్దామని తీర్మానమైంది.

గురువారం ఇద్దరు కుర్రాళ్లు కత్తులు, తాళ్లతో వచ్చారు. నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే గేటు వైపు సగం చెట్టు లేదు. ‘బళ్ల మీదికి వచ్చినవి’ అంటే వాళ్లకు అలా అర్థమైంది. పోయినేటి కాకిగూడు కూడా కింద పడి ఉంది. పుల్లల మధ్య ఇనుప తీగ ముక్కలు, ఎవరిదో చెవి కమ్మకు ఉండే శీల, ఒక ప్లాస్టిక్ చెంచా. అమ్మ ఆ గూటిని పారేయనివ్వలేదు. కొమ్మలను వాచ్‌మన్ పిల్లలు, ఇస్త్రీ బండివాళ్లు తీసుకెళ్లారు. అందులో ఒకటే గల్లీ మొదట్లో గోతిలో ఎర్రగుడ్డతో నిలబడింది.

మర్నాడు నాలుగూ నలభైకి నాకు మెలకువ వచ్చింది. అలారం మోగలేదు, ఏదీ కూయలేదు. పక్కకు తిరిగి చూస్తే మా ఆవిడ కూడా కళ్లు తెరిచే ఉంది.

“ఇవాళ లేటయిందేమోనండీ” అంది.

ఆ వారం కూయలేదు. తర్వాతి వారం, వెనక గల్లీ నుంచి, సన్నగా, మాస్టారి దోమల బ్యాట్ అంత దూరం నుంచి వినిపించింది. ఉగాది ముందురోజు నల్లకుంట మార్కెట్‌లో వేపపువ్వు చిన్న చిన్న పొట్లాలు కట్టి అమ్ముతుంటే, డబ్బులిచ్చి కొంటున్నందుకు అమ్మ నన్ను అక్కడే చివాట్లు పెట్టింది. ఇద్దరం ఆటోలో క్యాంపస్‌కి వెళ్లాం. ఆమె పట్టిన కొంగులోకి నేను ఒక కొమ్మ వంచి పువ్వు దులిపాను. చదువుకుంటున్న కుర్రాడొకడు లేచి వచ్చి, “నాకు అందుతుంది అవ్వా” అంటూ పై కొమ్మ వంచాడు. వాడిది ఆదిలాబాద్ వైపు అట. పండక్కి ఇంటికి పోవట్లేదట, పరీక్ష ఉందట. వాడి ఫోన్ నంబరు అడిగి, మర్నాడు పచ్చడి డబ్బాతో నన్ను మళ్లీ పంపించింది.

కానుగ మిగిలిన సగం ఇప్పుడు లేతాకుపచ్చగా ఉంది. కారు అబ్బాయి తెల్ల కారు దాని కిందే పెడుతున్నాడు, పైన కవరు కప్పి. గేటు వైపు మాత్రం ఎండ నేరుగా పడుతోంది. పదకొండున్నర దాకా ఒకే చోట ఉండే అమ్మ కుర్చీని పదింటికల్లా గోడవైపు జరపాల్సి వస్తోంది. వాచ్‌మన్ భార్య జరుపుతోంది.